కుండబేసి

సత్యవేణికి లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: తన కూతురు జున్ను ఇంటి ముందున్న మురుగుకాలవలో పడిపోతుందేమోనని.

మిగతా భయాలు లేవని కాదు. చింతపిక్క ముక్కులో పెట్టుకుంటుందేమో, ఫ్యాను ఊడి మంచం మీద పడుతుందేమో, పాలగ్లాసులో బల్లి పడితే చూసుకోకుండా పట్టేస్తానేమో. ఇలాంటివి పూటకొకటి పుడుతూ, పాతవి చస్తూ ఇంట్లో తిరుగుతూనే ఉండేవి. కానీ అవన్నీ వచ్చిపోయే చుట్టాలు. కాలవ భయం మాత్రం ఇంటిమనిషి.

ఇదంతా చదువు సగంలో ఆగిపోవడం వల్ల వచ్చిన జబ్బని అత్తగారు నూకరత్నం అంటుంది. సత్యవేణి తొమ్మిదో తరగతితో బడి మానేసింది. సంభావ్యత అనే పాఠం పదో తరగతి లెక్కల పుస్తకంలో చిట్టచివర ఉంటుందట. ఆ పుస్తకం ఆమె చేతికి రానే లేదు. అంచేత ఏది ఎంతవరకు జరగొచ్చు అన్నదానికి ఆమె దగ్గర ఒకటే లెక్క: అయితే అవుతుంది, లేకపోతే లేదు. అంటే సగానికి సగం. వాన పడటం సగానికి సగం. ఫ్యాను ఊడటం సగానికి సగం. జున్ను కాలవలో పడటమూ సగానికి సగమే.

జున్నుకు రెండేళ్లు. అది నడవడం ఎవరూ చూడలేదు. పాకడం అయ్యాక నేరుగా పరుగులోకి దిగింది. గుమ్మం దాటి నాలుగంగలు వేస్తే కాలవ. కాలవ మీద ఒకప్పుడు సిమెంటు పలక ఉండేది. చెత్త ట్రాక్టరు వెనక్కి తిప్పబోయి దాని మీదికెక్కించాడు డ్రైవరు. పలక రెండు ముక్కలై లోపలికి పోయింది. ట్రాక్టరు పురపాలక సంఘానిది. పలకా వాళ్లదే. కాలవా వాళ్లదే. పిల్ల ఒక్కతే సత్యవేణిది.

మొదట ఆమె కాలవకు అడ్డంగా పాత తలుపుచెక్క వేసింది. చిలకలదిబ్బ పురపాలక సంఘం వారు వచ్చి, మురుగుకాలవ మీద చెక్క వెయ్యడం ఆక్రమణ అని చెప్పి పట్టుకుపోయారు. నులకమంచం వేసింది. అదీ ఆక్రమణే, పైగా నాలుగు కాళ్లున్న ఆక్రమణ అన్నారు. చివరికి రుబ్బురోలు దొర్లించింది. దాన్ని ఎత్తలేక, పైన ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసి వెళ్లిపోయారు. రోలు కాలవలో సగమే కప్పింది. మిగిలిన సగం జున్నుకు చాలు.

"పోనీలేవే వేణీ, పిల్లని నాలుగ్రోజులు లోపలే ఉంచు," అన్నాడు భర్త వీరబాబు. అతను ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఏ కంగారునైనా కాసేపు చల్లార్చి చూద్దామంటాడు.

"పిల్లేవన్నా ఊరగాయా అండీ, జాడీలో పెట్టి మూతేసెయ్యడానికి?" అని, సత్యవేణి జున్నును చంకనెత్తుకుని పురపాలక సంఘం ఆఫీసుకు బయల్దేరింది.

ఆఫీసు వరండాలో అడుగు పెట్టగానే, దారి తప్పి కుమ్మరి వీధికొచ్చానా అనుకుంది. ఎటు చూసినా కుండలు. బల్లల మీద కుండలు, బీరువాల మీద కుండలు, కిటికీల్లో కుండలు.

ఆ కుండల వెనక ఒక చరిత్ర ఉంది.

చిలకలదిబ్బకు ఆ మధ్యే కోదండపాణిగారని కొత్త కమిషనరు వచ్చారు. వస్తూనే, నిర్ణయాలు తీసుకోవడం ఎలాగో నేర్పే శిక్షణకు ఒక కొండ ఊరి హోటలుకు వెళ్లారు. అక్కడ పాఠం చెప్పినాయన పేకముక్కలు పట్టుకుని చెప్పాడు. పోకరు ఆటలో ఆరితేరినవాడు అదృష్టాన్ని నమ్మడట. కావలసిన ముక్క వచ్చే అవకాశం ఎంత, మధ్యలో పోగుపడిన పందెం ఎంత, ఇంకా కొనసాగాలంటే తను పెట్టాల్సింది ఎంత, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాడట. గిట్టుబాటైతే ఆడతాడు, కాకపోతే ముక్కలు పడేసి దర్జాగా మీసం దువ్వుకుంటాడు. మధ్యలో పోగుపడినదాన్ని పాట్ అంటారు. ఈ లెక్కను పాట్ ఆడ్స్ అంటారు. కమిషనరుగారికి ఆ మధ్యాహ్నం జ్ఞానోదయమైంది. తిరిగొచ్చిన మర్నాడే, ఇకమీదట ఈ ఆఫీసులో ప్రతి నిర్ణయమూ పాట్ ఆడ్స్ ప్రకారమే జరగాలని ఇంగ్లీషులో ఉత్తర్వు రాశారు.

అయితే పరిపాలనంతా తెలుగులోనే సాగాలని అంతకుముందే వేరే ఉత్తర్వొకటి ఉంది. అందువల్ల ఈ ఉత్తర్వును తెలుగు చేసే పని సూపరింటెండెంటు త్రినాథరావుగారి మీద పడింది. ఆయన నెమ్మదస్తుడు. రిటైరుమెంటు దగ్గర పడినవాడు. మోకాళ్ల నొప్పులు, మెత్తటి మాట. వాళ్ల వంశంలో పేకముక్క ముట్టినవాడు లేడు. ఆయన అద్దాలు తుడుచుకుని నిఘంటువు తీశారు. పాట్ అంటే కుండ. ఆడ్ అంటే బేసి. సందేహించడానికి ఏమీ లేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: "కావున ఈ కార్యాలయమునందలి సమస్త శాఖలును తక్షణమే కుండబేసి విధానమును అవలంబించవలసినదిగా ఆదేశించడమైనది."

కుండబేసి అంటే ఏమిటని ఏ శాఖా అడగలేదు. అడిగితే తెలియదనుకుంటారు. అందరూ కుండలు కొన్నారు, బేసి సంఖ్యలో కొన్నారు. పారిశుద్ధ్యం వాళ్లు మూడు, పన్నుల వాళ్లు అయిదు, తమది పెద్ద శాఖ గనక ఇంజినీరింగు వాళ్లు ఏడు. ఆరోగ్య శాఖ వాళ్లు చూసుకోకుండా రెండు కొన్నారు. రెండు సరిసంఖ్య అని సంజాయిషీ అడిగేసరికి, ఒకదాన్ని పగలగొట్టి విధానంలోకి వచ్చేశారు.

శిక్షణ నుంచి వచ్చాక మొదటిసారి హాల్లోకి వచ్చిన కమిషనరుగారికి, ఆ కుండలు చూసి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. కానీ పోకరులో నేర్పే మొదటి సుగుణం ఏమిటంటే, ఏమీ అర్థం కానప్పుడు ముఖం మార్చకూడదు. ఆయన మార్చలేదు.

"గుడ్," అన్నారు.

ఆ రోజు నుంచి అర్జీలన్నీ కుండల్లో పడుతున్నాయి.

"పలక సంగతా? ఇంజినీరింగు చివరి కుండలో వెయ్యమ్మా," అన్నాడు గుమస్తా.

సత్యవేణి వెయ్యబోయింది. అంతలో జున్ను కుండలో చెయ్యి పెట్టి, ఎవరిదో వీధిదీపం అర్జీ నోట్లో పెట్టుకుంది. ఆమె కెవ్వుమని అరిచి, వేలు పెట్టి కాగితం లాగింది. ఆ గొడవకు కమిషనరుగారు లోపలికి పిలిపించారు. తన విధానాన్ని ఎవరికైనా విప్పి చెప్పడమంటే ఆయనకు మహా సరదా.

"చూడమ్మా, మేము భావోద్వేగాల మీద పనిచెయ్యం. అవకాశాల ప్రాతిపదిక మీద పనిచేస్తాం," అంటూ సొరుగులోంచి పేకముక్కలు తీసి బల్ల మీద పరిచారు. గుండుసూదుల డబ్బా బోర్లించారు. ఆయన పాఠం చెబుతున్నంతసేపూ సత్యవేణి ఒక చేత్తో జున్నును పట్టుకుని, రెండో చేత్తో సూదుల్ని బల్ల అవతలి అంచుకు తోస్తూనే ఉంది.

"నా దగ్గర నాలుగు ఇస్పేట్లున్నాయి. అయిదో ఇస్పేటు వస్తే గెలుపు నాది. వచ్చే అవకాశం అయిదింట ఒక వంతు. ఆ ముక్క చూడాలంటే నేను పది సూదులు పెట్టాలి. మధ్యలో ఇప్పటికే యాభై సూదులుంటే పెడతాను, గిట్టుబాటవుతుంది. ఇరవయ్యే ఉంటే పెట్టను. ముక్కలు పడేస్తాను. అర్థమైందా?"

"ఆయ్," అంది సత్యవేణి. "మరి పలకండీ?"

"అక్కడికే వస్తున్నాను. మీ కాలవలో ఇప్పటిదాకా ఎవరెవరు పడ్డారు?"

"ఓ మేకపిల్లండీ. మా ఎనకింటి పెళ్లికొడుకండీ. ఆయన తాగున్నాడనుకోండి."

"పసిపిల్లలు?"

"ఇంకా లేదండీ, అమ్మ దయవల్ల."

"విన్నారా త్రినాథరావుగారూ? పసిపిల్లల విభాగంలో శూన్యం." కమిషనరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అవకాశం అత్యల్పం. పలక వెయ్యడం మా పందెం. వేస్తే మాకొచ్చేదేమిటి? పిల్ల పడకుండా ఉండటం. అది ఇప్పుడూ పడకుండానే ఉంది కదా, ఏ పందెమూ పెట్టకుండానే! కాబట్టి ఈ చేతికి, అంటే ఈ ఆటకు, పురపాలక సంఘం ముక్కలు పడేస్తోంది."

త్రినాథరావుగారు అర్జీ మీద రబ్బరుముద్ర వేశారు: "ముక్కలు పడవేయడమైనది." వేస్తూ, తల్లి వేలు పట్టుకున్న జున్ను వైపు చూసి తల దించుకున్నారు.

"పడితే రామ్మా," అన్నారు కమిషనరుగారు దయగా. "అప్పుడు అవకాశం పెరుగుతుంది. పునఃపరిశీలిస్తాం."

కొద్దికాలంలోనే ఊరంతా ముక్కలు పడేయడం మొదలైంది. వీధిదీపానికి పడేశారు: ఊళ్లో చీకటి ఎలాగూ రోజూ వస్తుంది, తెల్లారితే దానంతటదే పోతుంది. దోమల మందుకు పడేశారు: దోమ కుట్టే అవకాశం నూటికి నూరు పాళ్లని తేలింది, ఓడిపోయే చేతికి పందెమెందుకు? కుక్కకాటు మందుకూ పడేశారు: కరిచే కుక్క ఏదో ముందుగా చెప్పలేం గనక. ఈ రుచి జనానికీ తగిలింది. ఇంటిపన్ను అడగడానికెళ్లినవాడికి ప్రతి గుమ్మంలోనూ ఒకటే జవాబు: "ఈ చేతికి మేవూ పడేశావండీ." వీరబాబు కూడా, తోటకూర తెమ్మంటే, "ఈ పూటకి పడేశానే," అని పడుకున్నాడు. సత్యవేణి కూర లేని అన్నం ముందు పెట్టి, "తినండి, గిట్టుబాటవుద్దో లేదో చూసుకుని," అంది. మర్నాటి నుంచి ఇంట్లో ఆ విధానం రద్దయింది.

నూకరత్నానికి మాత్రం ఈ గొడవంతా కొత్తగా అనిపించలేదు. ఆమె మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు అమ్మలక్కలతో చింతపిక్కలు పందెం పెట్టి మూడుముక్కలాట ఆడుతుంది. దాన్ని పారాయణం అంటుంది.

"మీ కమిషనరు చెప్పింది తప్పు కాదే అమ్మాయ్," అంది ఆ రోజు, ఆడేవాళ్లు రాక కోడల్ని కూర్చోబెట్టి ముక్కలు పంచుతూ. "ఆట ధర్మం అదే. వచ్చే ముక్కా చూడాలి, మధ్యలో కుప్పా చూడాలి."

"మరి మీరెప్పుడూ ఓడిపోతారేంటి అత్తయ్యా?"

"ధర్మం తెలుసుండటం వేరు, ముక్కలు పడెయ్యడం వేరు. చేతిలో ముక్కలుండగా ఆశ చావదే. నేను పుట్టాక ఒక్క ఆట పడెయ్యలేదు. అందుకే మనింట్లో చింతపండు ఉంటది గాని పిక్కలుండవు."

సత్యవేణి ముక్కలు తిప్పి చూసింది. ఏమీ లేవు. "వచ్చే అవకాశం నూటికొక్కటే అనుకోండి. అయినా ఆడి తీరాల్సిన ఆట ఎప్పుడైనా ఉంటదా?"

"ఎందుకుండదూ? మధ్యలో ఇల్లంత కుప్ప పడున్నప్పుడు, నూటికొక్కటైనా సరే, చేతిగాజు తీసిచ్చయినా సరే ఆడాలి."

సత్యవేణి మధ్యలోకి చూసింది. చింతపిక్కల కుప్ప కనిపించలేదు. దాని మీద జున్ను కూర్చునుంది, కాళ్లు బారచాపుకుని, మహారాణిలా.

మర్నాడు మళ్లీ ఆఫీసుకు వెళ్లింది.

"అయ్యా, మొన్న మీరు మధ్యలో ఉన్నది లెక్కెయ్యలేదండి," అంది. "మధ్యలో ఉన్నది మా పిల్లండి. కుప్ప అంత పెద్దదైనప్పుడు, అవకాశం ఎంత చిన్నదైనా పలక వెయ్యాల్సిందేనండి."

కమిషనరుగారి ముఖం వెలిగిపోయింది. "భేష్! త్రినాథరావుగారూ, చూశారా, విధానం అట్టడుగు స్థాయికి చేరింది!" అని మెచ్చుకుని, వేలు పైకెత్తారు. "కానీ ఒక చిన్న సవరణ అమ్మా. ఆ కుండ మీది. మాది కాదు. పిల్ల ఉంటే మీకు, పోతే మీకు. మా కుండలో మీ పిల్ల లేదు. మా కుండలో లేనిదాని కోసం పందెం కాసే అధికారం మాకు లేదు."

"నిబంధనల ప్రకారం లేదమ్మా," అన్నారు త్రినాథరావుగారు మెత్తగా. అని, జేబులోంచి పిప్పరమెంటు తీసి జున్నుకు ఇచ్చారు. సత్యవేణి దాన్ని అందుకుని, కొరికి పొడి చేసి, ఆ పొడి పిల్ల నాలుక మీద రాసింది. గొంతుకు అడ్డం పడటం సగానికి సగం కదా.

"అయినా మీ అవగాహనకు ముచ్చటేసింది," అన్నారు కమిషనరుగారు. "మీకు ప్రత్యేకంగా ఒక బ్లఫ్ మంజూరు చేస్తున్నాను."

"అంటే ఏంటండీ?"

"చేతిలో ముక్కలు లేకపోయినా ఉన్నట్టు కనబడటం. ఆటలో అత్యున్నత దశ. మీ కాలవ దగ్గర బోర్డు పెట్టిస్తాం: ఈ కాలువ మూయబడినది, అని."

"మూస్తారా అండీ?"

"మూయం. బోర్డు పెడతాం. ఎదుటి ఆటగాడు నమ్మి వెనక్కి తగ్గుతాడు."

"ఎదుటాయనెవరండీ?"

"ప్రమాదం."

సత్యవేణి జున్నును చంక మార్చుకుంది. "ప్రమాదానికి చదువొచ్చా అండీ?"

"అందుకే పెద్దక్షరాలు వేయిస్తున్నాం."

బోర్డు అన్న మాట ప్రకారం వచ్చింది. పచ్చరంగు మీద తెల్లటి పెద్దక్షరాలు. పాతిన పొద్దుటే పాలవాడు దాన్ని చదివి, ధైర్యంగా సైకిలు పోనిచ్చి, క్యాన్లతో సహా కాలవలోకి దిగాడు.

"మూసేశావన్నారు కదండీ!" అని లోపలి నుంచి అరిచాడు.

దాన్ని ఆఫీసులో విజయంగా నమోదు చేశారు. బ్లఫ్ పారింది. పారవలసినవాడి మీద పారలేదంతే.

ఆ రోజు నుంచి సత్యవేణి జున్ను నడుముకు పాత చీర కొంగు కట్టి, రెండో కొసను తన నడుముకు కట్టుకుని వంట చేసేది. పప్పులో ఉప్పు వెయ్యబోతే పిల్ల లాగేది, ఉప్పు చారులో పడేది. ఇంటిల్లిపాదీ ఆ రుచికి అలవాటుపడుతుండగా ఊళ్లో ఒక వార్త తెలిసింది. కుండబేసి పేరు పైదాకా పాకింది. రాష్ట్రమంతా పెట్టాలా వద్దా అని స్వయంగా చూడటానికి డైరెక్టరుగారు చిలకలదిబ్బకు వస్తున్నారు.

"అవతలోడి చేత ఆడించాలంటే ఏం చెయ్యాలి అత్తయ్యా?" అని అడిగింది సత్యవేణి, కొంగు సవరించుకుంటూ.

"కుప్పలో మన పిక్కలెన్నున్నా ఆడికేం లెక్క? ఆడి పిక్కలు కూడా పడాలి. అప్పుడు చూడు, పడెయ్యమన్నా పడెయ్యడు."

సత్యవేణి మూడోసారి ఆఫీసు మెట్లెక్కింది. ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, ఏమీ తెలియనట్టు నిలబడింది.

"నా అర్జీకి నేనే ముక్కలు పడేస్తున్నానండి," అంది.

కమిషనరుగారు లేచి నిలబడ్డారు. ఆయన ఉద్యోగ జీవితంలో అంతటి మాట వినలేదు.

"మీ బోర్డు పెట్టాక భయం తగ్గిందండి. పై నుంచి పెద్దాయనెవరో వస్తున్నారట కదండీ. మా ఇంటికి తీసుకురండి. పెసరట్లేస్తాను. కుండబేసి వల్ల మాకు జరిగిన మేలు నా నోటితో నేను చెప్తాను."

"ఆదర్శ లబ్ధిదారు!" అన్నారు కమిషనరుగారు గద్గదంగా. అక్కడికక్కడే కార్యక్రమంలో చేర్చి పైకి పంపించేశారు.

సత్యవేణి ముఖం మార్చకుండా బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చుని, జున్ను నీళ్ల సీసా మొత్తం తనే తాగేసింది.

లోపల, కాసేపటికి త్రినాథరావుగారు గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, పెసరట్టు తినాలంటే డైరెక్టరుగారు ఆ ఇంట్లోకి వెళ్లాలండి. వెళ్లాలంటే కాలవ దాటాలండి."

"బోర్డుంది కదా?"

"అదే ఇబ్బందండి. డైరెక్టరుగారికి చదువొచ్చు."

కమిషనరుగారు గుండుసూదులు తీశారు. "పడే అవకాశం?"

"ఆయన చూపు మంచిదేనంటండి. నూటికొకటి అనుకోవచ్చు."

"కుండలో ఏముంది?"

"మీరున్నారండి."

కమిషనరుగారు సూదులన్నీ రెండు చేతులా మధ్యలోకి తోసేశారు. "ఆడాల్సిందే!"

ఎలా అన్నదే సమస్య అయింది. కొత్త పలకకు టెండరు పిలవాలి, అది డైరెక్టరుగారు వచ్చి, తిరిగి వెళ్లి, బదిలీ అయినా తెమలదు. చెక్క వేద్దామంటే ఆక్రమణ. మంచం వేద్దామంటే నాలుగు కాళ్ల ఆక్రమణ. ఆ ఉత్తర్వుల కింద సంతకం కమిషనరుగారిదే. బోర్డు పీకేద్దామంటే, బ్లఫ్ చేశానని ఒప్పుకున్న ఆటగాణ్ని మళ్లీ ఎవడూ నమ్మడు. పిలిచిన పెసరట్టు రద్దు చేద్దామంటే, డైరెక్టరుగారు ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమని అప్పటికే కబురు పంపారు.

చాలాసేపటికి కమిషనరుగారి ముఖం మీద శిక్షణనాటి వెలుగు మళ్లీ వచ్చింది.

"మనిషి! మనిషి నిర్మాణం కాదు, టెండరు అక్కర్లేదు. ఆక్రమణా కాదు. ఒక ఉద్యోగి ఆఫీసు బల్ల వేసుకుని ఆ ఖాళీ మీద కూర్చుంటాడు. ఉద్యోగి పైన ఉన్నంతసేపూ ఆ బల్ల కార్యాలయమే. ఆయన లేచిన క్షణం మాత్రం ఆక్రమణ అవుతుంది. కాబట్టి లేవకూడదు."

"దివ్యంగా ఉందండి. ఎవర్ని కూర్చోబెడదామండి?" అన్నారు త్రినాథరావుగారు, కలం తీసి.

"విధానం ప్రకారమే. ఎవరి కుర్చీ ఖాళీ అయితే ఆఫీసుకు నష్టం అతి తక్కువో వారిని. ఇప్పుడు ఫైళ్లన్నిటికీ ముక్కలు పడేస్తున్నాం. ఫైళ్లు లేనప్పుడు ఫైళ్లు చూసే..." అని ఆగి, కమిషనరుగారు గౌరవంగా ఆయన వైపు చూశారు.

త్రినాథరావుగారు కలం మూసి జేబులో పెట్టుకున్నారు.

డైరెక్టరుగారు రావలసిన రోజు పొద్దున్న ఆఫీసు వాళ్లు వెడల్పాటి బల్ల తెచ్చి రోలు పక్కన వేశారు. కాలవ అచ్చంగా మూసుకుపోయింది. ఆ వీధిలో బోర్డు మొదటిసారి నిజం చెప్పింది. బల్ల మధ్యలో త్రినాథరావుగారు, నెత్తిన నల్లగొడుగుతో, అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. సత్యవేణి తన నడుముకున్న కొంగు ముడి విప్పింది. జున్ను ఒక్క పరుగున వెళ్లి, బల్లెక్కి, ఆయన ఒళ్లో కూలబడింది.

సత్యవేణి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిల్ల కాలవ మీద ఉంది. కాలవలో లేదు.

డైరెక్టరుగారు ఆ రోజు రాలేదు. పెసరట్లు త్రినాథరావుగారు తిన్నారు. మర్నాడు పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కుండబేసి వారికి బాగా నచ్చిందట. ఎంత నచ్చిందంటే, ఆ లెక్క ఈ ప్రయాణానికే వేసి చూసుకున్నారట. రావడానికయ్యే శ్రమకు వచ్చాక కలిగే లాభం గిట్టదని తేలి, ఈ చేతికి ముక్కలు పడేశారట. అలాగని అసలు రారని కాదు. ఏ రోజైనా చెప్పకుండా రావచ్చు.

"రావచ్చంటే, అవకాశం ఎంతండీ?" అని అడిగారట కమిషనరుగారు.

"వస్తే వస్తారు, లేకపోతే లేదు," అన్నారట అవతలివారు.

అంటే సగానికి సగం. సత్యవేణి లెక్కా, సర్కారు లెక్కా అలా మొదటిసారి కలిశాయి. సగానికి సగం అవకాశం ఉండగా బల్ల తీయడం కుదరదు. అంచేత రోజూ ఆఫీసు తెరిచే వేళకు త్రినాథరావుగారు వస్తారు, కింద బల్లా పైన ఆయనా కలిసి కాలవను మూస్తారు, సాయంత్రం బల్లతో సహా వెళ్లిపోతారు. ఆ తర్వాత పిల్లను కాయడం వీరబాబు వంతు.

మధ్యాహ్నం పారాయణం ఇప్పుడు బల్ల మీదే జరుగుతుంది. మూడుముక్కలాట నూకరత్నమే ఆయనకు నేర్పింది. పందెం మధ్యలో కుప్పపడటం మొదటిసారి కళ్లారా చూసిన రోజున త్రినాథరావుగారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"అయితే పాట్ అంటే ఇదాండీ?" అన్నారు చివరికి. "నేను కుండ అని రాసేశానండి."

"ఏం పోయిందిలెండి బాబూ," అంది నూకరత్నం. "కుండే అనుకోండి. మూత లేకే ఇన్నాళ్లూ ఇబ్బంది. ఇప్పుడు మూత మీరున్నారు కదా. ఇంతకీ ఆడతారా, పడేస్తారా?"

"పడేయమంటే నాకెందుకో చెయ్యి రావడం లేదండి," అన్నారాయన, జున్ను జుట్టు సవరిస్తూ. ఆ రోజు పిక్కలన్నీ ఓడిపోయారు.

ఇప్పుడు సత్యవేణికి కాలవ భయం లేదు. ఇంటిమనిషి వెళ్లిపోయిందని ఆ గది ఖాళీగా ఉంచలేదు ఆమె. త్రినాథరావుగారికి ఎండదెబ్బ తగులుతుందేమో. కునుకు పట్టి పక్కకి ఒరుగుతారేమో. ఆ మోకాళ్లతో అంతసేపు కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయేమో. అందుకని పొద్దున్న అంబలి, ఎండెక్కాక ఉప్పూ అల్లం వేసిన మజ్జిగ ఆమే ఇస్తుంది. తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది.

చిక్కల్లా ఇప్పుడొచ్చింది. తమ్ముడి పెళ్లని సత్యవేణి జున్నును తీసుకుని పుట్టింటికి వెళ్తోంది. అత్తగారు కూడా వెళ్తోంది. వీరబాబు పగలంతా ఐసు ఫ్యాక్టరీలో ఉంటాడు. మజ్జిగ ఇచ్చే దిక్కు లేదు.

కాబట్టి మీలో ఎవరైనా చిలకలదిబ్బ వైపు వెళ్తే, పచ్చబోర్డు ఉన్న వీధిలోకి ఒక్కసారి తొంగిచూడండి. బల్ల మీద గొడుగు కింద ఒక పెద్దాయన కనిపిస్తారు. ఎలా ఉన్నారో కనుక్కోండి. మంచినీళ్లు తాగారో లేదో అడగండి. నీడ జరిగిపోతే గొడుగు కాస్త ఇటు తిప్పండి. మర్యాదకైనా లేవమని మాత్రం అనకండి. లేస్తే ఆ బల్ల ఆక్రమణ అయిపోతుంది.